ఇమ్యూనిటీకి బ్రేక్ వేసేది ఎవరు? టీ సెల్స్, యుబిక్విటిన్ కథ

(వీడియో ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

 

కోవిడ్ టైం నుంచి మన నోళ్లలో బాగా నానిన మాట ఒకటి ఉంది. ఇమ్యూనిటీ బూస్టర్. కషాయం పొడి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా, "ఇమ్యూనిటీ పెంచును" అని రాయని వస్తువు కిరాణా కొట్లో దొరకడమే కష్టమైపోయింది ఒక దశలో. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సరే, పెంచుదాం. పెంచుకుంటూ పోతే ఏమవుతుంది?

జవాబు మీ చుట్టుపక్కలే ఉంది. టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల్ని చూసుంటారు. చిన్న వయసు నుంచే రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపింది వైరస్ కాదు, బాక్టీరియా కాదు. వాళ్ళ సొంత ఇమ్యూన్ సిస్టమే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్లని తినేది కూడా అదే. అక్కడ ఇమ్యూనిటీ తక్కువై జబ్బు రాలేదు. ఆగాల్సిన చోట ఆగక వచ్చింది.

కాబట్టి ఈ రోజు మన టాపిక్ ఆ ఆగడం గురించే. ఇమ్యూన్ సిస్టమ్ మన ఒంటిని ముట్టుకోకుండా ఊరుకోవడాన్ని సైన్స్‌లో టాలరెన్స్ అంటారు, తెలుగులో ఓర్పు అనుకోండి. ఈ ఓర్పు దానంతట అది ఉండదు. దాని కోసం కణం లోపల ప్రతి రోజూ ఎనర్జీ ఖర్చుపెట్టి పని జరుగుతూ ఉండాలి. ఆ పని చేసే పద్ధతి పేరు యుబిక్విటినేషన్. పేరు చూసి వీడియో మార్చేయకండి. నేను కూడా పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం మూసేసిన ఎంపీసీ బ్యాచే. నాకు అర్థమైందంటే మీకూ అవుతుంది.

ముందు టీ సెల్ గురించి

టీ సెల్ అంటే ఒక రకం తెల్ల రక్తకణం. ప్రతి టీ సెల్ పైనా ఒక రిసెప్టర్ ఉంటుంది. అది ఒక రకమైన ఆకారాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. ఈ రిసెప్టర్‌ని ఒళ్ళు ఎలా తయారుచేస్తుందో తెలుసా? పేకముక్కలు కలిపినట్టు జీన్ ముక్కల్ని కలిపి, ఏది వస్తే అది. ప్లాన్ ఏమీ లేదు. ఎందుకంటే వచ్చే ఏడాది ఏ కొత్త వైరస్ వస్తుందో ఎవరికీ తెలీదు. లెక్కలేనన్ని రకాలు రెడీగా ఉంటే ఏదో ఒకటి తగులుతుంది.

చిక్కు ఎక్కడంటే, గుడ్డిగా కలిపినప్పుడు మన సొంత కణాలకి సరిగ్గా తగిలే రిసెప్టర్లు కూడా పుడతాయి. వాటిని ఏరేయడానికి రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే అవయవం ఉంది. సొంత ప్రోటీన్లని గట్టిగా పట్టుకునే టీ సెల్స్‌ని అక్కడే చంపేస్తుంది. కానీ జల్లెడ ఎంత సన్నదైనా కొన్ని జారిపోతాయి. అంటే ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న మీ రక్తంలో, నా రక్తంలో, మనల్నే కొట్టగల టీ సెల్స్ తిరుగుతూ ఉన్నాయి. అయినా మనం బాగానే ఉన్నాం. ఎలా?

పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఓటీపీ కావాలి

టీ సెల్ దాడికి దిగాలంటే రెండు సిగ్నల్స్ కావాలి. మొదటిది రిసెప్టర్ నుంచి. డెండ్రైటిక్ కణం అనే ఒక కాపలా కణం ఒక ప్రోటీన్ ముక్క పట్టుకొచ్చి చూపిస్తుంది. రిసెప్టర్‌కి అది సరిపోతే సిగ్నల్ వన్. ఇది పాస్‌వర్డ్.

రెండోది సీడీ28 అనే ఇంకో ప్రోటీన్ నుంచి. డెండ్రైటిక్ కణానికి దగ్గర్లో ఇన్ఫెక్షన్ లాంటి ప్రమాదం కనిపించినప్పుడే, సీడీ28ని తట్టే అణువుల్ని అది తన పైన ఎక్కువగా పెడుతుంది. ఇది ఓటీపీ. వైరస్ ముక్క చూపించినప్పుడు పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ వస్తాయి, దాడి మొదలవుతుంది. ఏ ఇన్ఫెక్షనూ లేని రోజున మన సొంత ప్రోటీన్ ముక్క చూపించిందనుకోండి, పాస్‌వర్డ్ మ్యాచ్ కావచ్చు, కానీ ఓటీపీ రాదు.

అప్పుడు ఏమవుతుంది? "లాగిన్ ఫెయిల్డ్, మళ్ళీ ట్రై చేయండి" అన్నట్టు ఉండదు. అకౌంటే లాక్ అయిపోతుంది. ఆ టీ సెల్ చావదు, కానీ మొద్దుబారిపోతుంది. తర్వాత రెండు సిగ్నల్సూ సరిగ్గా ఇచ్చినా సరిగ్గా స్పందించదు. దీన్ని అనర్జీ అంటారు.

నేను ఇది చదివినప్పుడు సాఫ్ట్‌వేర్ బుర్రకి వెంటనే వచ్చిన డౌట్ ఇది. లాక్ అయ్యింది అని ఎక్కడ రాసిపెట్టుకుంటుంది కణం? డేటాబేస్ లేదు, ఫ్లాగ్ లేదు. ఆ జవాబు కోసమే యుబిక్విటిన్ దగ్గరికి వెళ్తున్నాం.

గోడ మీద ఎర్ర రంగు మార్కు

మన ఊళ్ళలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చూసే ఉంటారు. సర్వేయరు వస్తాడు, గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు వేయించి వెళ్తాడు. ఆ రంగు గోడని పడగొట్టదు. కానీ తర్వాత వచ్చే జేసీబీ ఆ గుర్తు చూసే పని చేస్తుంది.

యుబిక్విటిన్ ఆ ఎర్ర రంగు. 76 అమైనో ఆసిడ్లు మాత్రమే ఉన్న బుల్లి ప్రోటీన్. ఈస్ట్ నుంచి మనిషి దాకా అన్నిట్లో ఉంటుంది. ఈస్ట్‌లో ఉన్నదానికీ మనలో ఉన్నదానికీ తేడా 3 అమైనో ఆసిడ్లే. అంటే కోట్ల ఏళ్ళుగా దీన్ని మార్చే ధైర్యం ప్రకృతి చేయలేదన్నమాట. యుబిక్విటిన్ గుర్తు పడిన ప్రోటీన్‌ని కణం ఎలా నాశనం చేస్తుందో కనిపెట్టినందుకు ఆరన్ చెహనోవర్, అవ్రమ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్ అనే ముగ్గురికి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఈ మార్కు వేయడానికి మూడు రకాల ఎంజైములు వరసగా పనిచేస్తాయి. ఈ1 రంగు డబ్బా మూత తీస్తుంది, అంటే ఎనర్జీ వాడి యుబిక్విటిన్‌ని పనికి సిద్ధం చేస్తుంది. ఈ2 దాన్ని మోసుకొస్తుంది. ఈ3 సర్వేయరు. ఏ గోడ మీద వేయాలో చూపించేది అదే. మనిషిలో ఈ1లు రెండు, ఈ2లు 40 దాకా, ఈ3లు మాత్రం 600కి పైనే. లెక్క చూస్తేనే తెలుస్తుంది, అసలు నిర్ణయం ఎవరి చేతిలో ఉందో. జేసీబీ ఎవరంటే ప్రోటియాజోమ్, పీపా ఆకారంలో ఉండే పెద్ద యంత్రం. మార్కు పడ్డ ప్రోటీన్‌ని లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఇక రాత్రికి రాత్రి ఆ మార్కు తుడిచేసే వాళ్ళు కూడా ఉంటారు కదా, ప్రతి ఊళ్ళోనూ! కణంలోనూ ఉన్నారు. యుబిక్విటిన్‌ని ఊడదీసే ఎంజైములు సుమారు 100.

ఇంకో విషయం. అన్ని మార్కులూ కూల్చివేతకి కాదు. యుబిక్విటిన్‌లు ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుంటాయి. 48వ స్థానంలో ఉన్న లైసీన్ దగ్గర అతుక్కుంటూ పోతే ఆ గొలుసుకి అర్థం "దీన్ని కూల్చేయండి". 63వ స్థానంలో అతుక్కుంటే "ఇక్కడ పని ఉంది, అందరూ ఇక్కడికి రండి". అదే రంగు, వేరే గుర్తు, వేరే అర్థం. మొదటిదాన్ని కే48 అని, రెండోదాన్ని కే63 అని అంటారు. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

ఓటీపీ రూల్ పెట్టింది ఎవరు?

ఇప్పుడు అసలు కథ. కోడ్‌లో ఒక ఫంక్షన్ ఎందుకుందో అర్థం కాకపోతే ఏం చేస్తాం? దాన్ని తీసేసి రన్ చేస్తాం. ఏది విరిగితే అది దాని పని. బయాలజీలో జీన్ నాకౌట్ అని చేసేది అచ్చం ఇదే.

టీ సెల్స్‌లో సీబీఎల్-బీ అనే ఈ3 ఉంది. దాని జీన్ తీసేసిన ఎలుకల మీద 2000లో నేచర్ పత్రికలో రెండు వేర్వేరు టీముల పేపర్లు ఒకేసారి వచ్చాయి. ఆ ఎలుకల టీ సెల్స్‌కి సీడీ28 సిగ్నల్ అవసరమే లేకుండా పోయింది. పాస్‌వర్డ్ ఒక్కటి కొడితే చాలు, లాగిన్. విపరీతంగా పెరిగాయి. ఎలుకలు ఆటోఇమ్యూన్ జబ్బుల వైపు జారిపోయాయి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రెండు సిగ్నల్స్ కావాలి అన్న రూల్ రిసెప్టర్‌లో లేదు, సీడీ28లోనూ లేదు. రిసెప్టర్ ఒక్కటే టీ సెల్‌ని స్టార్ట్ చేయగలదు. కానీ సీబీఎల్-బీ అడ్డంగా కూర్చుని చేయనివ్వట్లేదు. అంటే ఓర్పు అనేది సిగ్నల్ లేకపోవడం కాదు. వచ్చిన సిగ్నల్‌ని ఒకరు కష్టపడి పట్టుకుని ఆపడం.

మరి నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఈ అడ్డు ఎలా తొలగుతుంది? ఇది నాకు బాగా నచ్చిన భాగం. సీడీ28 సిగ్నల్ వచ్చినప్పుడు సీబీఎల్-బీ మీదే యుబిక్విటిన్ మార్కు పడుతుంది. సర్వేయరు ఇంటి మీదే ఎర్ర రంగు! ప్రోటియాజోమ్ వచ్చి దాన్ని నమిలేస్తుంది, దారి క్లియర్. ఓటీపీ చేసే పనుల్లో ముఖ్యమైనది ఇదే, కాపలాదారుణ్ణి పక్కకి తప్పించడం.

ఇక్కడ చిన్న హెచ్చరిక. ఓటీపీ పోలిక అర్థం కావడానికే. ఓటీపీ కరెక్టా కాదా అన్నట్టు కణంలో ఉండదు. ఎంత సిగ్నల్, ఎంతసేపు, సీబీఎల్-బీ ఎంత మిగిలింది, అన్నీ తక్కెడలో వేసి తూచినట్టు ఉంటుంది.

లాక్ ఎక్కడ రాసి ఉంది?

ఇందాక డౌట్‌కి వద్దాం. పాస్‌వర్డ్ వచ్చి ఓటీపీ రానప్పుడు టీ సెల్ లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో ఎన్‌ఫ్యాట్ అనే ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి వెళ్తుంది. రెండు సిగ్నల్సూ ఉంటే అక్కడ దానికి ఏపీ-1 అనే జోడీ దొరుకుతుంది. ఇద్దరూ కలిసి దాడికి కావలసిన జీన్స్ ఆన్ చేస్తారు. జోడీ లేకుండా ఎన్‌ఫ్యాట్ ఒంటరిగా వెళ్తే వేరే జీన్స్ ఆన్ అవుతాయి. అప్పుడు పెరిగే ప్రోటీన్లలో మూడు ఈ3లు ఉన్నాయని 2004లో చూపించారు. సీబీఎల్-బీ, ఇచ్, గ్రెయిల్.

తర్వాత ఆ టీ సెల్‌కి మళ్ళీ సిగ్నల్ వచ్చినప్పుడు, రిసెప్టర్ నుంచి లోపలికి వార్త మోసే ప్రోటీన్లు పీఎల్‌సీ గామా-1, పీకేసీ థీటా నాశనమైపోతాయి. బెల్లు నొక్కుతున్నాం, వైరు లేదు. లాక్ అనేది ఎక్కడో రాసిపెట్టిన నోట్ కాదు. వైరు తెంపేసే పనివాళ్ళని రెడీగా కూర్చోబెట్టడం. కణం జ్ఞాపకం అంటే ఇక్కడ ఇదే.

ఇచ్ పోతే ఏం జరుగుతుంది?

ఇప్పుడు చెప్పిన మూడిట్లో "ఇచ్" అనే పేరు విన్నారు కదా. ఇంగ్లీషులో ఇచ్ అంటే దురద. ఈ జీన్ చెడిపోయిన ఎలుకలు ఆగకుండా గోక్కుంటూనే ఉంటాయి, చర్మం పుండ్లు పడేదాకా. అందుకే ఆ పేరు. ఇచ్ మామూలుగా జన్-బీ అనే ప్రోటీన్‌కి కూల్చివేత మార్కు వేస్తుంది. ఇచ్ లేకపోతే జన్-బీ పేరుకుపోతుంది, టీ సెల్స్ అలర్జీ తరహా స్పందన వైపు మొగ్గుతాయి.

ఇది ఎలుకల కథ మాత్రమే కాదు. 2010లో అమెరికాలోని ఓల్డ్ ఆర్డర్ ఆమిష్ సమాజానికి చెందిన పది మంది పిల్లల గురించి ఒక పేపర్ వచ్చింది. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమాజం కాబట్టి, ఒకే చెడిపోయిన జీన్ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రావడానికి అవకాశం ఎక్కువ. ఆ పిల్లల్లో ఇచ్ ప్రోటీన్ పనిచేయదు. పెరుగుదల సరిగ్గా లేదు. ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు, ఇలా ఒక చోట కాదు, చాలా చోట్ల వాళ్ళ ఇమ్యూన్ కణాలే చొరబడి వాపు తెచ్చాయి. 600కి పైగా ఉన్న సర్వేయర్లలో ఒక్కడు డ్యూటీకి రాలేదు, అంతే. మేనరికాలు మామూలైన మన దగ్గర కూడా ఇలాంటి అరుదైన జీన్ జబ్బులు బయటపడేది ఇదే లెక్కతో, అది గుర్తుంచుకోండి.

ఆన్ చేయడానికీ మార్కే

యుబిక్విటిన్ అంటే బ్రేక్ మాత్రమే అనుకునేరు. యాక్సిలరేటర్ కూడా అదే. దాడి జీన్స్‌ని ఆన్ చేసే ముఖ్యమైన స్విచ్ ఎన్‌ఎఫ్ కప్పా-బీ. మామూలుగా దాన్ని ఐ కప్పా-బీ అనే ప్రోటీన్ కట్టేసి ఉంచుతుంది. సిగ్నల్ రాగానే కే63 గొలుసులు పడతాయి, "అందరూ ఇక్కడికి రండి" అని. పనివాళ్ళు చేరాక ఐ కప్పా-బీ మీద కే48 మార్కు పడుతుంది. అది ముక్కలవుతుంది, స్విచ్ ఆన్.

ఆన్ అయిందాన్ని ఆఫ్ చేయాలి కదా. ఏ20 అనే ప్రోటీన్ ఆ పిలుపు గొలుసుల్ని అడ్డుకుంటుంది. ఏ20 అసలే లేని ఎలుకలు ఒళ్ళంతా వాపుతో చిన్నప్పుడే చనిపోతాయి. మనుషుల్లో ఈ జీన్ రెండు కాపీల్లో ఒకటి చెడిపోయినా చాలు, చిన్న వయసులోనే మళ్ళీ మళ్ళీ నోటి పుండ్లు, జ్వరాలు, కీళ్ల నొప్పులు వస్తాయని 2016లో తేలింది. సగం బ్రేక్ ఉంటే సగం పని అవుతుంది అనుకుంటాం. అలా కాదు.

పోలీసు కణాలకీ ఇదే రూల్

2025 మెడిసిన్ నోబెల్ గుర్తుందా? మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి. మిగతా టీ సెల్స్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ సెల్స్ గురించిన పనికి వచ్చింది. ఆ పోలీసు కణాలకి యూనిఫాం లాంటిది ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్. అది లేకపోతే పోలీసు పోలీసు కాదు.

ఆ ఫాక్స్‌పీ3 నిలబడటం కూడా ఈ మార్కుల మీదే ఆధారపడింది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు స్టబ్1 అనే ఈ3 దానికి కూల్చివేత మార్కు వేయగలదు. యూఎస్‌పీ7 అనే ఎంజైమ్ ఆ మార్కు తుడిచి కాపాడుతుంది. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే కాసేపు పోలీసుల్ని తగ్గించుకోవడం మంచిదే కావచ్చు. తగ్గాక తిరిగి రాకపోతేనే ప్రమాదం.

మందుల షాపు దాకా వచ్చిన కథ

ఇదంతా తెలుసుకుంటే లాభం ఏంటి? రెండు దారులు చెప్తాను.

ఒకటి, కాన్సర్. కాన్సర్ గడ్డ దగ్గర టీ సెల్స్ చాలాసార్లు మొద్దుబారిపోయి ఉంటాయి. సీబీఎల్-బీ లేని ఎలుకలు కాన్సర్ గడ్డల్ని మామూలు ఎలుకల కంటే బాగా ఎదుర్కొన్నాయి. అందుకే సీబీఎల్-బీని ఆపే మాత్రల్ని ఇప్పుడు మనుషుల మీద తొలి దశ ట్రయల్స్‌లో పరీక్షిస్తున్నారు. కానీ ఇందాక చెప్పింది మర్చిపోకండి. అదే బ్రేక్ తీస్తే ఆటోఇమ్యూనిటీ కూడా వచ్చింది. ఎంత తీయాలి, ఎంతసేపు తీయాలి అన్నదే అక్కడ పరీక్ష.

రెండోది, థాలిడోమైడ్. 1950ల చివర్లో గర్భిణులకి వేవిళ్ళు తగ్గుతాయని ఇచ్చిన మందు. 10,000 మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు. 1961లో మార్కెట్ నుంచి తీసేయడం మొదలైంది. అది ఒంట్లో ఎవర్ని పట్టుకుంటుందో తెలియడానికి 2010 దాకా పట్టింది. పట్టుకునేది సెరెబ్లాన్‌ని, అంటే ఒక ఈ3లో భాగాన్ని. సర్వేయరు చేతిలో మ్యాప్ మార్చేస్తుందన్నమాట. మామూలుగా ముట్టుకోని గోడల మీద మార్కు వేయిస్తుంది.

దాని వారసుడు లెనాలిడోమైడ్ మల్టిపుల్ మైలోమా అనే రక్త కాన్సర్‌కి పెద్ద మందు. అది సెరెబ్లాన్ చేత ఇకారోస్, అయోలోస్ అనే రెండు ప్రోటీన్లకి మార్కు వేయిస్తుందని 2014లో తేలింది. మైలోమా కణాలు వాటి మీదే బతుకుతాయి. అదే ఇకారోస్ టీ సెల్స్‌లో ఐఎల్-2 అనే పెరుగుదల సిగ్నల్‌కి బ్రేక్. అది పోతే టీ సెల్స్ చురుకవుతాయి. ఒకే మందు, రెండు కణాల్లో రెండు ఫలితాలు. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా జెనరిక్ లెనాలిడోమైడ్ 2022 మార్చిలో టెవా ద్వారా అమెరికా మార్కెట్లోకి వెళ్ళింది. అక్కడ ప్యాక్ అవుతున్న క్యాప్సూల్ చేసే పని ఇదే, యుబిక్విటిన్ మార్కు ఎక్కడ పడాలో మార్చడం. ఇప్పుడు కూడా గర్భిణులు దాన్ని ముట్టుకోకూడదు.

చివరిగా

ఇకమీదట ఎవరైనా "ఇమ్యూనిటీ పెంచుతుంది" అంటే ఒక్క ప్రశ్న అడగండి. ఏ కణాన్ని, ఏ సిగ్నల్‌ని పెంచుతుంది, మరి బ్రేక్ సంగతేంటి? లేబుల్ మీద దానికి జవాబు ఉండదు. మీ ఇంట్లో ఎవరికైనా ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నా, కిడ్నీ లాంటివి మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నా, బూస్టర్ పేరుతో ఏది తెచ్చినా ముందు డాక్టర్‌కి చూపించండి. ఫార్వర్డ్ మెసేజ్ చూసి ఉన్న మందు మాత్రం ఆపకండి. ఇన్ఫెక్షన్ మీద టీ సెల్స్‌ని సరైన దారిలో సిద్ధం చేయాలంటే పాస్‌వర్డూ ఓటీపీ రెండూ కలిపి ఇచ్చే మార్గం మనకి ముందే ఉంది. దాని పేరు వ్యాక్సిన్.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ వ్యాక్సిన్ల సంగతే చూద్దాం. వ్యాక్సిన్‌లో అడ్జువెంట్ అని ఒకటి కలుపుతారు, అది ఓటీపీ ఎలా తెప్పిస్తుందో చెప్తాను. ఈ లోపు మీ ఫ్రెండ్స్‌లో బైపీసీ వాళ్ళకి ఇది పంపండి, ఎంపీసీ వాడు ఎంత వరకు చెప్పాడో వాళ్ళే మార్కులు వేస్తారు. ఉంటాను మరి.